ఇసామియా బజార్ నుంచి ఆత్మకూర్ దాకా: భాగ్యరెడ్డి వర్మ నిలబెట్టిన బడి

సర్కారు బడికి సున్నం వేస్తే వార్త, కొత్త గది కడితే ప్రారంభోత్సవం, శిలాఫలకం మీద నాయకుల పేర్లు. తెలంగాణలో బడి కట్టడం అంటే ఇప్పుడు మనకు కనిపిస్తున్నది ఇదే. కానీ ఈ నేల మీద అంటరాని పిల్లవాడి కోసం నాలుగు గోడలు, ఒక పంతులు, ఒక పలక సమకూర్చడమే ఉద్యమంగా నడిచిన కాలం ఉంది. ఆ ఉద్యమానికి ముందు నిలబడినవాడు మాదరి భాగయ్య. తర్వాత ఆయనే భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. దళిత ఉద్యమ చరిత్రలో ఆయనను ఆది హిందూ ఉద్యమ నిర్మాతగా, అంబేద్కర్ కంటే ముందుతరం నాయకుడిగా తలుచుకుంటున్నాం. ఆయనను బడులు నిలబెట్టిన మనిషిగా చూడడం తక్కువ. ఈ వ్యాసంలో మేము ఆ వైపు నుంచే ఆయన జీవితాన్ని చెప్పదలిచాం. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో సర్కారు బడి బాగుకోసం కొట్లాడుతున్న విద్యార్థులకు, కార్యకర్తలకు ఆ చరిత్ర ఇవాళ కావాలి.

సంస్థానం గడి, ఊరవతల వాడ

ఆత్మకూర్ ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధాని. ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. వనపర్తి, గద్వాల, జటప్రోలు, గోపాలుపేట, అమరచింత ఇలా పాలమూరు నేలలో చాలా భాగం నిజాంకు కప్పం కట్టే రాజుల చేతిలో ఉండేది. మిగతా చోట్ల జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌లు, పటేల్ పట్వారీలు. ఎవరి పాలన అయినా మాల మాదిగ వాడకు దక్కింది వెట్టి. గడికి నీళ్లు మోయాలి, చెప్పులు కుట్టాలి, అధికారి వస్తే సామాను మోస్తూ ముందు నడవాలి. పిల్లవాడికి కాళ్లు గట్టిపడగానే జీతానికి పెట్టాలి. అలాంటి ఇంటికి బడి అంటే దూరంగా వినిపించే మాట.

1931 నాటికి కూడా హైదరాబాద్ రాజ్యం మొత్తంలో చదువు వచ్చినవాళ్లు నూటికి అయిదుగురికి అటూ ఇటూ. అందులో అంటరాని కులాల వాటా ఎంతో ఊహించుకోవచ్చు. సర్కారు భాష ఉర్దూ, ప్రజల్లో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. కాబట్టి బడిలోకి అడుగుపెట్టిన పిల్లవాడికి కూడా పాఠం పరాయి భాషలోనే. ఇక మాల మాదిగ పిల్లలకు అడుగుపెట్టే దారే లేదు. కాగితం మీద బడి అందరిదీ. కానీ పంతులు ముట్టుకోడు, తోటి పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరు, బడి బావిలో చేద వేయనివ్వరు. మిషనరీలు తెరిచిన బడులే చాలా చోట్ల మన వాడలకు మొదటి అక్షరం.

కరువు వచ్చినా, వెట్టి భరించలేకపోయినా పల్లె నుంచి మనిషి పోయేది నగరానికే. పాలమూరు లేబర్ అన్న పేరు తర్వాతి కాలంలో దేశమంతా తెలిసింది. ఆనకట్టలు, రోడ్లు, మేడలు కట్టింది వాళ్లే. ఊరి వాడలో చోటు లేనివాళ్లకు నగరంలో బస్తీ దొరికింది. భాగ్యరెడ్డి వర్మ బడులు పుట్టింది అలాంటి బస్తీల్లోనే.

భాగయ్య నుంచి భాగ్యరెడ్డి వర్మ దాకా

1888 మే 22న హైదరాబాద్‌లో ఒక పేద మాల కుటుంబంలో ఆయన పుట్టాడు. తల్లి రంగమాంబ, తండ్రి వెంకయ్య. తండ్రి చిన్నప్పుడే పోయాడు, ఇల్లు గడపడం తల్లికి కష్టమైంది. భాగయ్య ఒక రోమన్ కాథలిక్ బారిస్టరు ఇంట్లో పనికి కుదిరాడు. ఆ ఇంట్లోనే చదువు మీద ఇష్టం పెరిగింది, లోకం తెలిసింది. బడి తలుపు తెరిచి పిలిస్తే చదువుకున్నవాడు కాదు ఆయన. పని చేసుకుంటూ, విన్నది పట్టుకుంటూ, చదివినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్నవాడు. తన తర్వాతి పిల్లలకు ఆ అవస్థ ఉండకూడదన్న పట్టుదల ఆయన జీవితమంతా కనిపిస్తుంది.

పేరులోని రెడ్డి కులం కాదు. కుటుంబ గురువు పెట్టిన పేరు అది. రేడు అంటే ఏలేవాడు, ఈ నేలకు మొదటి ఏలికలు మనమే అన్న వాదన ఆ పేరు వెనక ఉంది. వర్మ అన్నది 1913లో ఆర్యసమాజం వాళ్లు ఇచ్చిన బిరుదు. పల్లెలో మాలోడు, మాదిగోడు అని పిలిచే కాలంలో అంటరానివాడు రెండు ఏలిక పేర్లు తగిలించుకుని సభల్లో నిలబడడమే ఒక ధిక్కారం. అయితే ఆర్యసమాజం ఇచ్చిన బిరుదు తీసుకున్న ఆయన దాని చట్రంలో ఉండిపోలేదు. హైదరాబాద్‌లో బుద్ధ జయంతి జరిపించిన తొలితరం వాళ్లలో ఆయన ఒకరు. మనం హిందూ మతంలో అట్టడుగు మెట్టు కాదు, ఈ దేశపు ఆదివాసులం, మిగతావాళ్లు తర్వాత వచ్చినవాళ్లు అన్నది ఆయన నిలబెట్టిన వాదం. ఆది హిందూ అన్న మాటకు అర్థం అదే.

1906లో ఆయన జగన్ మిత్ర మండలి పెట్టాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. హరికథలు, భజనలు, ఉపన్యాసాలతో బస్తీ జనాన్ని ఒక చోటికి చేర్చడం దాని పని. చదువు రానివాళ్ల దగ్గరికి కరపత్రం పట్టుకుపోతే లాభం లేదని ఆయనకు తెలుసు. అందుకే వాళ్లకు అలవాటైన కథ చెప్పే పద్ధతిలోనే తాగుడు మానమని, పిల్లలను బడికి పంపమని, ఆడపిల్లలను జోగినులుగా, మురళీలుగా వదలొద్దని చెప్పించాడు. 1911లో మండలి మన్య సంఘం అయింది. తర్వాత 1920ల మొదట్లో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. పేరు మారిన ప్రతిసారీ పని విస్తరించింది. కుల పంచాయితీల తగవులు తీర్చే ఏర్పాటు వచ్చింది, వాలంటీర్ల దళం వచ్చింది, నగరంలో ప్లేగు లాంటి జబ్బులు వచ్చినప్పుడు శవాలను మోసే పని, రోగులను చూసుకునే పని ఆ వాలంటీర్లు చేశారు.

వరద తర్వాత నగరం, బస్తీలో బడి

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేల మంది చచ్చిపోయారు. నది ఒడ్డు బస్తీలు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత నిజాం సర్కారు నగరాన్ని తిరిగి కట్టడం మొదలుపెట్టింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, మూసీ ఒడ్డున ఇప్పుడు సిటీ కాలేజీగా ఉన్న పెద్ద బడి భవనం, అన్నీ ఆ పునర్నిర్మాణంలో లేచినవే. ఇవాళ మనం వారసత్వ కట్టడాలు అని ఫొటోలు తీసుకునేది వీటినే.

అదే మూసీ దరిదాపుల్లో, అదే సంవత్సరాల్లో ఇంకో నిర్మాణం జరిగింది. దానికి విదేశీ ఆర్కిటెక్టు లేడు, సర్కారు ఖజానా లేదు. 1910లో భాగ్యరెడ్డి వర్మ ఇసామియా బజార్, లింగంపల్లి ప్రాంతాల్లో మొదటి బడులు తెరిచాడు. కొద్దిమంది పిల్లలతో మొదలైన పని అది. సంఘానికి ఆస్తి లేదు. బడి పెట్టాలంటే ముందు చోటు చూడాలి. అంటరాని పిల్లల బడికి ఇల్లు కిరాయికి ఇచ్చేవాడిని వెతకాలి. ఆ పిల్లలకు చెప్పడానికి ఒప్పుకునే పంతులును వెతకాలి, నెలనెలా జీతం ఇవ్వాలి. పలకలు, పుస్తకాలు కొనాలి. అన్నిటికంటే కష్టమైన పని తల్లిదండ్రులను ఒప్పించడం. పిల్లవాడు పనికి పోతే ఇంట్లో కొంత గింజ చేరుతుంది, బడికి పోతే ఆ గింజ కూడా పోతుంది. ఆ లెక్కకు జవాబు చెప్పకుండా ఏ బడీ నిండదు. జగన్ మిత్ర మండలి భజనలు, ఉపన్యాసాలు, తాగుడు మాన్పించే ప్రచారం అన్నీ ఈ జవాబులో భాగమే. తాగుడుకు పోయే పైసలు మిగిలితేనే పిల్లవాడి కూలి మీద ఆధారపడడం తగ్గుతుంది.

చందాలు, దాతల సాయం, కార్యకర్తల ఊడిగం, వీటి మీదే బడులు ఒకటి తర్వాత ఒకటి పెరిగాయి. ఈ బడుల్లో చదువు తెలుగులో. నిజాం రాజ్యంలో తెలుగు చదువు కోసం జరిగిన ప్రయత్నాలు చెప్పేటప్పుడు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పేరు, మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల పేరు తప్పకుండా వస్తాయి. అవి రావలసిన పేర్లే. కానీ 1928లో నారాయణగూడ బాలికల బడి పుట్టడానికి పద్దెనిమిదేళ్ల ముందే మాల మాదిగ పిల్లలకు తెలుగులో అక్షరాలు దిద్దించిన బడులు అదే నగరంలో ఉన్నాయి. తెలంగాణ తెలుగు చరిత్రలో వాటికి తగిన పేజీ ఇంకా రాయాల్సే ఉంది.

1920ల నడిమిలో నిజాం సర్కారు ఖాన్గీ బడులకు అనుమతి తప్పనిసరి చేసింది. రాజ్యంలో ప్రజలు సొంతంగా నడుపుకునే బడులకు అది గొడ్డలిపెట్టు అయింది. అలాంటి కాలంలో కూడా ఆది హిందూ బడుల సంఖ్య పెరుగుతూ పోయింది. 1930ల మొదటికి 26 బడులు, వాటిలో సుమారు రెండున్నర వేల మంది పిల్లలు. ఒక అంటరాని కులాల సంఘం, తన చేతుల మీద, ఇరవై ఏళ్లకు పైగా నడిపిన పని ఇది.

బెజవాడ సభ నుంచి లక్నో దాకా

బడి పని చేస్తూనే ఆయన దేశం తిరిగాడు. 1917 నవంబర్‌లో బెజవాడలో ప్రథమాంధ్ర దేశ పంచమ మహాసభ పెట్టారు. గూడూరు రామచంద్రరావు నిర్వాహకుడు. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. అంటరానివాళ్లు మూడు రోజులు పట్టణంలో సభ చేసుకుంటారని కనకదుర్గ గుడి మూసేశారు. ఆ సభలోనే అధ్యక్షుడు పంచమ అన్న మాటను తోసిపుచ్చాడు. నాలుగు వర్ణాల తర్వాత అయిదో లెక్కగా ఉండడం మనకు పేరు కాదు, మచ్చ అన్నది ఆయన వాదం. సభ పేరు ఆది ఆంధ్ర మహాసభగా మారింది. బడులు, బావులు, స్థానిక సంస్థల్లో ప్రాతినిధ్యం గురించి ఆ సభ తీర్మానాలు చేసింది. అదే సంవత్సరం డిసెంబర్‌లో కలకత్తా సభకు పోయాడు. 1930లో లక్నోలో జరిగిన ఆది హిందువుల సభ, రౌండ్ టేబుల్ సమావేశంలో మన తరఫున మాట్లాడేది అంబేద్కరే అని తేల్చినప్పుడు ఆయన ముందు నిలబడ్డాడు.

అదే 1930లో, మార్చిలో, జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించాడు. తెలంగాణ తెలుగువాళ్ల మొదటి పెద్ద సభ. అక్కడ భాగ్యరెడ్డి వర్మ పాల్గొనడాన్ని సనాతనులు వ్యతిరేకించారు. తెలుగు భాష కోసం, తెలుగు చదువు కోసం కూడిన సభలో, తెలుగు బడులు ఇరవై ఏళ్లుగా నడుపుతున్న మనిషికి చోటు ఇవ్వాలా వద్దా అన్నది వివాదం అయింది. విడి బడులు ఎందుకు పెట్టుకున్నారు, అందరితో కలిసి ఉండొచ్చు కదా అని అడిగేవాళ్లకు జోగిపేట జవాబు చెబుతుంది. విడిపోవడం మన ఇష్టం కాదు. కలుపుకోనివాళ్ల మధ్య బతికి బయటపడడానికి దొరికిన దారి.

1931 జనాభా లెక్కల్లో నిజాం సర్కారు ఆది హిందువులన్న పేరును నమోదు చేసింది. అదే సంవత్సరం భాగ్యనగర్ పత్రిక మొదలైంది. బడిలో అక్షరం నేర్చినవాడికి చదవడానికి తనదైన కాగితం ఉండాలి కదా. ఆ పత్రికలో వెట్టి గురించి, అంటరానితనం గురించి, చదువు గురించి రాశాడు. వెట్టి మాదిగ అన్న ఆయన కథ తెలుగులో దళితుడు రాసిన తొలి కథల్లో ఒకటిగా ఇవాళ గుర్తింపు పొందింది. ఆయన జీవితంలో మూడు వేలకు పైగా ఉపన్యాసాలు ఇచ్చాడని చెబుతారు.

సర్కారు చేతికి పోయిన బడులు

1930ల నడిమికి వచ్చేసరికి ఆది హిందూ బడులను నిజాం సర్కారు విద్యాశాఖ తన చేతిలోకి తీసుకుంది. ఈ ఘట్టాన్ని రెండు వైపుల నుంచి చూడాలని మేము అనుకుంటున్నాం.

ఒక వైపు నుంచి ఇది గెలుపు. బస్తీ పిల్లల చదువు దాతల దయ మీద నడవకూడదు, అది సర్కారు బాధ్యత అన్న విషయం తేలిపోయింది. పంతులు జీతానికి గ్యారంటీ వచ్చింది. సంఘం నెలనెలా చందా కోసం తలుపులు తట్టే పని తప్పింది. ఇంకో వైపు నుంచి ఇది నష్టం కూడా. బడిని ఎక్కడ పెట్టాలి, ఎవరు చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి అన్న నిర్ణయం బస్తీ చేతి నుంచి దఫ్తరు చేతికి పోయింది. పోరాడి నిలబెట్టుకున్నవాళ్లు దరఖాస్తు పెట్టుకునేవాళ్లయ్యారు. సర్కారు బడి మనది అనిపించకపోవడం అన్న ఇవాళ్టి సమస్యకు ఒక వేరు అక్కడ ఉంది.

అదే కాలం గురించి మరో సంగతి. 1934లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కాలేజీకి పునాది వేశారు. రాజ్యం తన చదువు గొప్పను రాయిలో చెక్కించుకున్న కట్టడం అది. 1939 డిసెంబర్‌లో దాన్ని ప్రారంభించారు. ఆ సంవత్సరం ఫిబ్రవరి 18న భాగ్యరెడ్డి వర్మ చనిపోయాడు. అప్పటికి ఆయనకు యాభై ఒకటో ఏడు నడుస్తోంది. ఆ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద తర్వాతి తరాల దళిత విద్యార్థులు సభలు పెట్టారు, ఉద్యమాలు చేశారు. వాళ్లు అక్కడికి చేరిన దారికి మొదటి మెట్టు ఆ బస్తీ బడులు.

సంఘానికి చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం ఉండేది. సభలకు, తగవులు తీర్చడానికి, దఫ్తరుకు అదే చోటు. తర్వాతి కాలంలో ఆయన పేరు మీద అక్కడ బాలికల పాఠశాల నడిచింది.

ఆయన దగ్గర ఆగిపోయినవి

పెద్ద మనిషి అని పొగిడి ఊరుకోవడం ఆయనకు గౌరవం కాదు. ఆ ఉద్యమానికి హద్దులు ఉన్నాయి. బడులు ఎక్కువగా నగరంలోనే ఉన్నాయి. సంస్థానాల పల్లెల్లో, ఆత్మకూర్ లాంటి చోట్ల, దేవరకొండ, సూర్యాపేట వైపు ఊళ్లలో వాడ దగ్గరికి అవి చేరలేదు. నాయకత్వం ఎక్కువగా మాల కులం నుంచి వచ్చింది. మాదిగలు తమ మాట వినిపించడానికి విడిగా సంఘాలు పెట్టుకోవలసి వచ్చింది. అరిగె రామస్వామి లాంటి సహచరులతో ఆయనకు భేదాలు వచ్చాయి. నిజాం సర్కారుతో సర్దుకుని పని చేయడం వల్ల వెట్టి చేయించే దొరల మీద నేరుగా తిరగబడే పని వెనకబడింది. ఇవన్నీ చర్చించవలసినవే. అయినా చేతిలో ఏమీ లేని కాలంలో, చదువు మీద, చోటు మీద, పేరు మీద హక్కు ఉందని చెప్పి దాన్ని ఆచరణలో చూపించిన మనిషి ఆయన.

ఇవాళ్టి సర్కారు బడి ఎవరిది?

2022 మార్చి 8న అప్పటి ముఖ్యమంత్రి మన ఊరు మన బడి పథకాన్ని వనపర్తిలో మొదలుపెట్టారు. ఆత్మకూర్ ఉన్న జిల్లా అదే. రాష్ట్రంలో 26,065 సర్కారు బడులు, 7,289 కోట్ల రూపాయలు, మూడు విడతలు అని ప్రకటించారు. నీళ్లున్న మరుగుదొడ్లు, కరెంటు, తాగునీళ్లు, బెంచీలు, రంగులు, చిన్నా పెద్దా మరమ్మతులు, బోర్డులు, ప్రహరీ, వంటగది, కొత్త గదులు, హైస్కూళ్లలో భోజనాల గది, డిజిటల్ పాఠాలు అని పన్నెండు రకాల పనులు జాబితాలో పెట్టారు. 2024లో సర్కారు మారాక అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరుతో మహిళా సంఘాల చేతికి మరమ్మతులు ఇచ్చారు.

ఆ జాబితాను ఒకసారి దళిత కోణంలో చదవండి. తాగునీళ్లు అన్న మాట మనకు మామూలు సౌకర్యం కాదు. మహాడ్ చెరువు దగ్గర 1927లో జరిగిన పోరాటం దాని కోసమే. మరుగుదొడ్డి అన్న మాట దగ్గర, దాన్ని ఎవరు కడుగుతున్నారు అన్న ప్రశ్న మనం తప్పకుండా అడగాలి. వంటగది కడితే సరిపోదు, అందులో దళిత మహిళ వండిన అన్నం ఊరంతా తింటున్నదా అని చూడాలి. పెరిగి పదో తరగతికి వచ్చే ఆడపిల్లకు తలుపు గడియ పడే మరుగుదొడ్డి లేకపోతే ఆమె చదువు ఆగుతుంది. బడిలో మరుగుదొడ్డి, తాగునీళ్లు విద్యాహక్కులో భాగమని సుప్రీంకోర్టు 2012లోనే రాష్ట్రాలకు చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ గది, నీళ్లు, ప్రహరీ, ఆట స్థలం ఉండాలని రాసింది.

ఇవాళ పల్లెల్లో సర్కారు బడిలో కూర్చున్నది ఎవరు? స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలు ప్రైవేటు బస్సు ఎక్కారు. మిగిలింది ఎక్కువగా దళిత, గిరిజన, వెనకబడిన కులాల పిల్లలు, వాళ్లలోనూ ఆడపిల్లలు. ఒకప్పుడు మనల్ని బడి గుమ్మం దగ్గర ఆపారు. ఇప్పుడు మనం లోపలికి వచ్చాక బడి పైకప్పు కారుతోంది. అంటరానితనం గోడలోని పగులుగా మారితే దాన్ని బడ్జెట్ సమస్య అంటున్నారు. పిల్లలు తగ్గారని చెప్పి మూసేసే బడి కూడా చాలాసార్లు వాడకు దగ్గరగా ఉన్న బడే. గదికి రంగు వేసి, పంతులును ఇవ్వకపోతే అది బడి కాదు, రంగు వేసిన గోడ మాత్రమే.

భాగ్యరెడ్డి వర్మ పని నుంచి మనం తీసుకోవలసినది ఇక్కడే ఉంది. ఆయన కట్టడాన్ని, సంఘాన్ని వేరు చేయలేదు. బడి తెరిచే ముందు బస్తీని కూడగట్టాడు. బడి తెరిచాక బస్తీ దాన్ని కాపాడింది. ఇవాళ ఆ పని చేయడానికి చట్టమే ఒక చోటు చూపించింది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సగం మంది మహిళలు. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గ చోటు ఇవ్వాలి. ఆ కమిటీలో వాడ నుంచి ఎవరున్నారు, వాళ్ల పేరు మీద సంతకం ఎవరు పెడుతున్నారు, బిల్లు మీద ఉన్న గది నేల మీద ఉందా అని అడగడం విద్యార్థి సంఘాలు చేయగల పని. ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మారింది. ఆ డబ్బులో బడులకు ఎంత పోయింది, ఏ ఊరి వాడకు పోయింది అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టి లెక్క తీయవచ్చు.

ఆత్మకూర్‌లో గానీ, నల్లగొండ జిల్లా ఏ మూల ఊళ్లో గానీ, ఆయన జయంతికి మే 22న పూలమాల వేస్తే చాలదు. మేలో బడికి సెలవులు. జూన్‌లో బడి తెరిచే నాటికి నల్లాలో నీళ్లు వస్తున్నాయా, ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు ఉందా, అయిదు తరగతులకు పంతుళ్లు ఎంతమంది అని మూడు వారాల ముందు నుంచే ఊరూరా చూసి రాసి, ఆ కాగితాన్ని మండల విద్యాధికారి బల్ల మీద పెట్టాలి. ఆయన తన కాలంలో బడి లేని చోట బడి పెట్టాడు. ఉన్న బడిని మనదిగా నిలబెట్టుకోవడం ఈ తరం వంతు.